జ్వరంతో ఉన్నవాణ్ణి బస్సెక్కించకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మా మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు గల్ఫ్‌లో మనిషి లేని వాడకట్టు ఉండదు. మీ పత్రిక ఆ ఇళ్లన్నింటికీ పోతుంది. ఆ ఇళ్లవాళ్లకు ఒక్క మాట చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ కొడుకో, భర్తో, తమ్ముడో అక్కడ జ్వరంతో పడి ఉంటే, సెలవు వచ్చింది కదా, టికెట్ చేతిలో ఉంది కదా అని అతణ్ణి దూర ప్రయాణానికి తొందరపెట్టకండి. రక్తపరీక్ష కాకుండా బస్సెక్కనివ్వకండి. ఉత్తరం పొడుగైందని తెలుసు. కత్తిరించాల్సి వస్తే నా కథ కత్తిరించండి. డాక్టర్ చెప్పిన మాటలు, అంబులెన్స్ నంబర్లు మాత్రం ఉంచండి.

నేను స్కాఫోల్డింగ్ పని చేస్తాను, అంటే కట్టడాల చుట్టూ ఇనుప పైపులతో మంచెలు కట్టే పని. సౌదీలో మనవాళ్లు ఎక్కువగా రియాద్‌లో, దమ్మామ్‌లో, జుబైల్‌లో ఉంటారు. నేనున్నది జిజాన్ వైపు. సౌదీ నైరుతి మూల, యెమెన్ సరిహద్దుకు దగ్గర. పడమర ఎర్రసముద్రం, తూర్పున సరావత్ కొండలు, మధ్యలో తిహామా అనే ఎడారి మైదానం. రియాద్ ఎండ పొడి ఎండ, నీడకు చేరితే కొంచెం ఊపిరి తిరుగుతుంది. తిహామాలో ఎండకు సముద్రపు ఉక్క తోడవుతుంది. రాత్రి పూట కూడా ఒంటి మీద చొక్కా ఆరదు. ఎండాకాలంలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయట పని చేయించకూడదని సౌదీలో నియమం ఉంది. జూన్ 15న మొదలై సెప్టెంబర్ 15తో అది ముగుస్తుంది. 16వ తేదీ నుంచి మళ్లీ మధ్యాహ్నం కూడా పైపుల మీదే ఉంటాం. ఎండ ఏమీ తగ్గి ఉండదు.

ఇంకో సంగతి. నాకు వచ్చింది డెంగీ. ఎడారిలో డెంగీ ఏమిటి అని నేను ఇంటికి వచ్చాక చాలామంది అడిగారు. జిజాన్ దోమలున్న ఎడారి. కొండల మీద వాన పడితే వాగులు మైదానంలోకి దిగి ఇసుకలో ఇంకిపోతాయి. ఆ నీళ్ల మీదే అక్కడ జొన్న, మామిడి, బొప్పాయి పండిస్తారు. సౌదీలో మిగతా చోట్ల మలేరియా పోయినా ఈ మూలన మాత్రం చాలాకాలం మిగిలింది. ఆఫ్రికా ఖండం దాటి రిఫ్ట్ వ్యాలీ జ్వరం మొట్టమొదట బయటపడింది 2000లో, ఈ జిజాన్‌లోనూ పక్కనున్న యెమెన్‌లోనూ. జెడ్డాలో డెంగీ 1994 నుంచే ఉంది. డెంగీ దోమకు మురికి కాలువ అక్కర్లేదు. సైట్‌లో కాంక్రీటు తడపడానికి నింపి పెట్టిన డ్రమ్ము చాలు. క్యాంపులో ఏసీ నీళ్లు పడడానికి పెట్టిన బకెట్ చాలు. అవి మేము రోజూ చూసేవే.

నాకు జ్వరం పట్టింది సెప్టెంబర్ చివర్లో, సెలవుకు కొన్ని రోజుల ముందు. కళ్ల వెనక నొప్పి, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు. క్లాంపు బిగిద్దామంటే స్పానర్ చేతిలో నిలవలేదు. క్యాంపుకు వచ్చే కాంపౌండర్ ఒక ఇంజెక్షన్ చేసి, నొప్పులకు డైక్లోఫెనాక్ మాత్రలు ఇచ్చిపోయాడు. రక్తం తీసి చూడమని అడిగాను. “వెకేషన్ పోతున్నవ్ గద అన్నా, అక్కడ్నే చూపిచ్చుకో” అన్నాడు టైమ్ కీపర్. మన పక్క జిల్లా పిల్లవాడే. కంపెనీ పేరు రాయను, ఇది ఒక్క కంపెనీలో జరిగేది కాదు.

గల్ఫ్ పోయే ముందు మనకు మెడికల్ చేస్తారు. రక్తం, మూత్రం, ఎక్స్‌రే అన్నీ చూస్తారు. ఏ కొంచెం తేడా కనబడ్డా అన్‌ఫిట్ అని రాసి పంపేస్తారు. అంత వెతికి తీసుకున్న ఒంటికి, అక్కడ జ్వరం వచ్చిన రోజున ఒక చుక్క రక్తం తీసి చూసే దిక్కుండదు. దీని గురించి ఎవరూ ఎందుకు అడగరు?

ఎగ్జిట్ రీ-ఎంట్రీ, అంటే ఊరికి పోయి తిరిగి రావడానికి అనుమతి, పడింది. జెడ్డా నుంచి హైదరాబాద్‌కు విమానం టికెట్ ఉంది. జిజాన్ నుంచి జెడ్డా దాదాపు 700 కిలోమీటర్లు. ఆ దారిలో రైలు లేదు. కంపెనీ ఇచ్చేది బస్సు టికెట్. పొద్దున ఎక్కితే చీకటి పడే వేళకు చేరతాం. రూమ్‌లోని వాళ్లు నా బట్టలు వాళ్లే సర్దారు, పిల్లల కోసం కొన్న సామాన్లు డబ్బాలో పెట్టి తాడు కట్టారు. ఇంటి నుంచి మా ఆవిడ ఏడ్చుకుంటూ ఒక్కటే మాట, “ఎట్లనన్న జేసి ఇంటికి రా, మెట్‌పల్లిల మంచి డాక్టర్‌కు చూపిచ్చుకుందాం” అని. ఇందులో ఎవరికీ నా మీద పగ లేదు. రూమ్‌వాళ్లు, ఇంటివాళ్లు ప్రేమతోనే తొందరపెట్టారు. కంపెనీకి మాత్రం వేరే లెక్క ఉంది. అక్కడ ఆస్పత్రిలో చేర్పిస్తే సిక్ లీవ్ జీతం, ఒక మనిషిని తోడు పంపడం, కాగితాలు. బస్సెక్కించేస్తే ఆ బాధలేవీ ఉండవు. ప్రేమగలవాళ్లూ, లెక్క చూసుకునేవాళ్లూ ఒకే మాట చెప్తుంటే జ్వరంతో ఉన్నవాడు ఎదురు ఎలా చెప్తాడు?

ఫజర్ నమాజు అయ్యాక బస్సు కదిలింది. నాది ఎడమవైపు కిటికీ సీటు. సబ్యా, బైష్ దాటేదాకా ఊళ్లు, పొలాలు, స్పీడ్ బ్రేకర్లు. ఒక్కో బ్రేకర్ నడుములో దిగేది. లోపల ఏసీ గట్టిగా పెట్టారు, నాకు పళ్లు టకటకలాడుతున్నాయి. క్యాంపు దుప్పటి తెచ్చుకున్నాను కాబట్టి సరిపోయింది. బస్సులో బాత్రూమ్ ఉంది కానీ తాళం వేసి ఉంది. దారిలో చెక్‌పోస్టు దగ్గర పోలీసు ఎక్కి అందరి ఇకామాలు, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే కార్డులు, చూశాడు. నా చెయ్యి వణుకుతుంటే ఒకసారి ముఖంలోకి చూసి కార్డు తిరిగి ఇచ్చాడు. దర్బ్ అనే ఊరి దగ్గర అభా కొండలకు పోయే రోడ్డు కుడివైపు చీలిపోతుంది. కొంతమంది అక్కడ దిగి వేరే బండి పట్టుకున్నారు. బస్సు మాత్రం సముద్రం వైపు తిరిగింది.

అక్కడి నుంచి తీరం వెంబడి రోడ్డు. ఆరోగ్యం బాగున్నప్పుడు నేను ఆ రోడ్డును ఇష్టంగా చూసేవాణ్ణి. షుఖైఖ్ దగ్గర సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే పెద్ద ప్లాంటు ఉంది, దాని పొగగొట్టాలు చాలా దూరం నుంచి కనబడతాయి. అది దాటాక ఉప్పు పేరుకుని తెల్లబడ్డ నేల, తుమ్మ చెట్లు, కంచె అవతల ఒంటెలు. ఖహ్మా, బిర్క్ వైపు పోయేకొద్దీ నల్లటి రాళ్ల నేల వస్తుంది. ఎప్పుడో అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి సముద్రం దాకా పరుచుకుంది. ఒక పక్క నల్ల రాయి, ఒక పక్క నీలం నీళ్లు, మధ్యలో మన బస్సు. మనిషి, ఇల్లు, చెట్టు నీడ ఏదీ ఉండదు. బాగున్నవాడికి అది చూడముచ్చటైన దారి. వాంతి ఆపుకుంటూ కూర్చున్నవాడికి మాత్రం, తర్వాతి ఊరు ఎంత దూరమో చెప్పే బోర్డు తప్ప ఇంకేమీ కనబడదు.

ఇక అసలు సంగతి. షుఖైఖ్ దాటాక ఒళ్లంతా చెమట పట్టి జ్వరం దిగింది. నుదురు చల్లబడింది. వణుకు ఆగింది. ఇన్ని రోజుల తర్వాత ఒళ్లు తేలికైందని ప్రాణం లేచి వచ్చింది. రూమ్‌కు వాయిస్ మెసేజ్ పెట్టాను, ఇంటికీ పెట్టాను, జ్వరం తగ్గిందని. మా ఆవిడ వెంటనే తిరిగి పెట్టింది, దేవుని దయ అని. అటు జిజాన్‌లో, ఇటు మా ఊళ్లో అందరూ గుండెల మీద చెయ్యేసుకున్న ఆ గంటలోనే నా పరిస్థితి అన్నిటికన్నా ప్రమాదంగా ఉంది. అది నాకు తెలియదు, వాళ్లకూ తెలియదు.

కాసేపటికి కడుపులో నొప్పి మొదలైంది. బస్సు ప్రయాణం వల్లనేమో అనుకున్నాను. వాంతి అయింది. కవర్ మడిచి కాళ్ల కింద పెట్టుకున్నాను. మళ్లీ అయింది. నీళ్లు తాగితే నీళ్లు కూడా నిలవలేదు. కాళ్లూ చేతులూ చల్లగా, జిగటగా అయ్యాయి. నిద్ర కాదు, మగత. ఎవరో పిలిస్తే వినబడుతోంది కానీ జవాబు చెప్పాలనిపించడం లేదు. రుమాలుతో మూతి తుడుచుకుంటే చిగుళ్ల నుంచి రక్తం.

నా పక్క సీట్లో యెమెన్ పెద్దాయన ఒకరు ఉన్నారు, ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, పోతున్నారు. జెడ్డా వైపు పోయే ఈ దారిలోనే యలమ్‌లమ్ వస్తుంది, దక్షిణం నుంచి వచ్చే యాత్రికులు అక్కడ ఇహ్రామ్, అంటే యాత్ర దీక్ష బట్టలు, కట్టుకుంటారు. ఓడలు నడిచిన కాలంలో మన దేశం నుంచి హజ్‌కు పోయేవాళ్లకు కూడా ఆ యలమ్‌లమే ఇహ్రామ్ హద్దు అని ఆయనే పొద్దున నాకు చెప్పారు, నాకు వచ్చిన కొద్దిపాటి అరబ్బీలో అర్థమైనంత. రుమాలు మీద రక్తం ఆయన కంటపడింది. నన్నేమీ అడగకుండా లేచి, సీట్లు పట్టుకుంటూ డ్రైవర్ దగ్గరికి పోయారు.

బిర్క్ దగ్గర పెట్రోల్ బంకులో బస్సు ఆగింది. మసీదు, బకాలా అనే కిరాణా కొట్టు, టీ అమ్మే బూఫియా ఉన్న మామూలు బంకు. డ్రైవర్ పాకిస్తానీ. వచ్చి వంగి ఉర్దూలో అడిగాడు, ఎన్ని రోజుల నుంచి అని. దాచకుండా అంతా చెప్పాను. జ్వరం ఎప్పటి నుంచో, ఏ మాత్రలు మింగానో, రక్తం ఇప్పుడే మొదలైందని. విమానం సంగతి కూడా చెప్పాను. ఆయన విమానం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. రుమాలు చూశాడు, 997కి ఫోన్ చేశాడు. కున్‌ఫుదా ఊరు రాకముందు ఫలానా బంకు దగ్గర అంబులెన్స్ ఉంటుందని మాట తీసుకుని, నన్ను ముందు సీట్లో కాళ్లు చాపి పడుకోబెట్టాడు. బిర్క్ నుంచి కున్‌ఫుదా వంద కిలోమీటర్లకు పైనే. అంతసేపూ ఆ పెద్దాయన సీసా మూతతో కొంచెం కొంచెం నీళ్లు తాగిస్తూనే ఉన్నారు. బస్సు లేటయిందని గొణిగిన ప్రయాణికుడు ఒక్కడూ లేడు. వాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు. వాళ్లందరికీ మీ పత్రిక ద్వారా దండం పెడుతున్నాను.

కున్‌ఫుదాలో నన్ను చూసినాయన సూడాన్ డాక్టర్. నర్సమ్మ కేరళ ఆవిడ, హిందీలో అడిగి ఆయనకు అరబ్బీలో చెప్పింది. రక్తపరీక్షలో డెంగీ. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఆయన చెప్పిందంతా ఆవిడ నాకు హిందీలో ఓపికగా చెప్పింది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇది మన ఊళ్లో కూడా సగం మందికి తెలియదు.

డెంగీలో జ్వరం రెండు నుంచి ఏడు రోజులు ఉంటుంది. జ్వరం ఉన్నంతసేపూ మనిషి బాధపడతాడు కానీ ఎక్కువ ప్రమాదం ఆ తర్వాత. జ్వరం దిగిన వెంటనే ఒకటి రెండు రోజులు కొంతమందిలో రక్తనాళాల నుంచి రక్తంలోని నీరు బయటికి ఊరిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. మనం ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే పట్టుకుని టెన్షన్ పడతాం, బొప్పాయి ఆకు రసం కోసం పరుగెత్తుతాం. డాక్టర్లు దానితో పాటు రక్తం ఎంత చిక్కబడిందో చూస్తారు, అంటే హెమటోక్రిట్. ఆ సమయంలో సరైన లెక్కలో సెలైన్ పడితే చాలామంది బతుకుతారు. ఆ సమయంలో బస్సులోనో విమానంలోనో ఉంటే ఎవరూ ఏమీ చేయలేరు. జ్వరం దిగాక ఆగని వాంతులు, కడుపులో గట్టి నొప్పి, చిగుళ్లలో గానీ ముక్కులో గానీ రక్తం, నల్లటి విరేచనం, చేతులు కాళ్లు చల్లబడటం, మగత, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడ్డా క్షణం ఆగకూడదు.

మాత్రల గురించి కూడా చెప్పింది. జ్వరం ఏమిటో తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఇంకో నొప్పి మాత్ర వద్దు. సౌదీలో దాన్నే అందరూ పనడాల్ అంటారు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయి. మన క్యాంపుల్లో ప్రతి రూమ్‌లో ఉండేది ఆ నొప్పి మాత్రలే. ఊరి నుంచి వచ్చేవాడితో షీట్లకు షీట్లు తెప్పించుకుంటాం. పగలంతా పైపులు మోసి రాత్రికి ఒకటి మింగి పడుకోవడం అందరికీ అలవాటే. పనిలో పనిగా ఇంకో మాట, ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులు చీటీ లేకుండా తీసుకుపోతే ఆ దేశాల్లో జైలు. ఏ మందైనా దాని అట్టలోనే, డాక్టర్ చీటీతోనే పెట్టుకోవాలి.

ఆస్పత్రిలో కొన్ని రోజులు ఉన్నాను. విమానం పోయింది, టికెట్ డబ్బులు పోయాయి. ఇకామా నంబర్ కొడితే ఇన్సూరెన్స్ కనబడింది, ఆస్పత్రి ఖర్చు నా మీద పడలేదు. ఎగ్జిట్ రీ-ఎంట్రీకి ఇంకా గడువుంది కాబట్టి, కోలుకున్నాక వేరే టికెట్ కొనుక్కుని వచ్చాను. బతుకమ్మకు అందలేదు, దీపావళికి ఉన్నాను.

మనవాళ్లు అక్కడ నోరు విప్పకపోవడానికి భయం కారణం. జబ్బు అంటే జీతం కోస్తారని, ఎగ్జిట్ కొట్టి పంపేస్తారని. కానీ చట్టం ఏమంటుందో కూడా తెలియాలి. సౌదీ కార్మిక చట్టం 117వ నిబంధన ప్రకారం డాక్టర్ సర్టిఫికెట్ ఉంటే ఏడాదిలో మొదటి 30 రోజులు పూర్తి జీతంతో సిక్ లీవ్, ఆ తర్వాత 60 రోజులు ముప్పావు జీతంతో, ఆపైన 30 రోజులు జీతం లేకుండా. ప్రైవేటు కంపెనీలో చేసే విదేశీ కార్మికుడికి ఆరోగ్య బీమా కట్టాల్సింది యజమానే, కార్మికుడు కాదు. 2021 మార్చి 14 నుంచి అమల్లోకి వచ్చిన మార్పుల ప్రకారం ఆ చట్టం కిందికి వచ్చే కార్మికుడు ఎగ్జిట్ రీ-ఎంట్రీ తనే పెట్టుకోవచ్చు. అంటే సెలవు తేదీ నాలుగు రోజులు జరిగినంత మాత్రాన జీవితం మునిగిపోదు. ఇళ్లలో పనిచేసేవాళ్లు, ఇంటి డ్రైవర్లు, గొర్రెల కాపరులు మాత్రం ఆ చట్టం కిందికి రారు, వాళ్లకు వేరే నియమాలు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్లలో పనికి పోయిన అక్కచెల్లెళ్లను తలుచుకుంటే నాకు ఇంకా దిగులుగా ఉంటుంది. నా పక్కన కనీసం బస్సు నిండా మనుషులు ఉన్నారు. నాలుగు గోడల మధ్య జ్వరంతో ఉన్న ఆడమనిషి రుమాలు ఎవరు చూస్తారు?

ఇళ్లవాళ్లకు నా విన్నపం. ఫోన్‌లో జ్వరమని చెప్తే ముందు అడగాల్సింది రక్తపరీక్ష అయిందా అని. టికెట్ ధర ఎంత, డబ్బులు వాపసు వస్తాయా, ఫంక్షన్‌కు అందుతావా లేదా, ఈ మాటలు ఆ సమయంలో ఎత్తకండి. ఎత్తితే అతను జబ్బు దాచుకుంటాడు. వీడియో కాల్ చేసి ముఖం చూడండి. జ్వరం తగ్గిందని చెప్తే సంతోషించి ఫోన్ పెట్టేయకండి, కడుపు నొప్పి ఉందా, వాంతులు అవుతున్నాయా, మూత్రం వస్తోందా అని అడగండి. పక్కన ఉన్న రూమ్‌మేట్ నంబర్ ఒకటి మీ దగ్గర రాసి పెట్టుకోండి. మాట మగతగా ఉంటే ఆ రూమ్‌మేట్‌కు చేసి ఆస్పత్రికి తీసుకుపొమ్మని పట్టుబట్టండి.

తప్పనిసరై ప్రయాణం చేసేవాళ్లు, జ్వరం కాకపోయినా ఎండదెబ్బో విరేచనాలో ఉన్నవాళ్లు, ముందు సీటు అడిగి తీసుకోండి. ఎక్కేటప్పుడే డ్రైవర్‌తో చెప్పండి, సిగ్గుపడకండి. “అనా తాబాన్” అంటే ఒంట్లో బాగాలేదని ఏ డ్రైవర్‌కైనా తెలుస్తుంది. నీళ్ల సీసాతో పాటు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉంచుకోండి. అవి లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపండి. ఇకామా, ఇన్సూరెన్స్ వివరాలు, మీరు వేసుకునే మందుల చీటీ పై జేబులో ఉండాలి, సూట్‌కేసులో కాదు, సూట్‌కేసు బస్సు కింద డిక్కీలో ఉంటుంది. అంబులెన్స్‌కు సౌదీలో 997, యూఏఈలో 998, ఒమన్‌లో 9999, కువైట్‌లో 112, ఖతర్‌లోనూ బహ్రెయిన్‌లోనూ 999. మస్కట్ నుంచి సలాలా పోయే రోడ్డు కూడా వెయ్యి కిలోమీటర్ల ఎడారే. ఈ నంబర్లు ఫోన్‌లో కాదు, చిన్న కాగితం మీద రాసుకోండి, దారిలో ఛార్జింగ్ అయిపోతుంది.

మీకూ ఒక విన్నపం, సంపాదకులు గారూ. మీ జిల్లా పేజీలో గల్ఫ్ మరణం వార్త వచ్చినప్పుడు వయసు, ఊరు, శవపేటిక శంషాబాద్ చేరే రోజు రాస్తారు. దయచేసి మీ విలేకరులు ఇంకొక ప్రశ్న అడగాలి. చనిపోవడానికి ముందు ఎన్ని రోజుల నుంచి ఒంట్లో బాగాలేదు, ఎవరికి చెప్పాడు, వాళ్లేం చేశారు? 'గుండెపోటు' అన్న ఒక్క మాట కింద ఎన్ని జ్వరాలు, ఎన్ని ఎండదెబ్బలు కప్పిపెట్టి ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది, మంచిదే. ప్రమాదంలో పోతే ప్రవాసీ భారతీయ బీమా కింద 10 లక్షలు. బీమా ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. అదే పాలసీలో ఆస్పత్రి ఖర్చుకు కూడా కొంత రక్షణ ఉందని పాలసీ చేతిలో ఉన్నవాళ్లకే తెలియదు. ఇంటికి పోయి మీ పాలసీ కాగితం వెతికి చదవండి.

ఇక ప్రభుత్వం వారికి. ఈసీఆర్ పాస్‌పోర్ట్ (పనికి పోవడానికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్ట్) మీద పోయేవాళ్లకు బయల్దేరే ముందు ఒక రోజు శిక్షణ ఉంది. అందులో చట్టాలు, ఆచారాలు, కాంట్రాక్టు గురించి చెప్తున్నారు. అందులోనే ఒక గంట జ్వరాల గురించి పెట్టండి. ఎండదెబ్బకూ డెంగీకీ మలేరియాకూ తేడా, ఏ మాత్ర మింగకూడదు, అంబులెన్స్‌ను ఎలా పిలవాలి, ఒంట్లో బాగాలేదని చెప్పే నాలుగు అరబ్బీ మాటలు. చెప్పేది ప్రభుత్వ ఆస్పత్రి డాక్టర్ అయితే బాగుంటుంది, పక్కన గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవాడు ఒకడు కూర్చుంటే ఇంకా బాగుంటుంది. జగిత్యాలలో గానీ నిజామాబాద్‌లో గానీ అలాంటి శిక్షణ పెడితే, నేను ఊళ్లో ఉన్నంతకాలం వచ్చి కూర్చుంటాను. భోజనం, బస్సు ఛార్జీలు కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక గల్ఫ్ కార్మికుడు,
మెట్‌పల్లి మండలం, జగిత్యాల జిల్లా.
(మళ్లీ అదే కంపెనీకి పోవాల్సి ఉంది కాబట్టి పేరు ప్రచురించవద్దని మనవి.)